పది మంది కలిసి ఇచ్చే ఒక్క విరాళం: చిన్న మొత్తాలు పోగుచేసి దగ్గర్లోని సేవా సంస్థలకు ఇవ్వడానికి సమగ్ర మార్గదర్శి

మా బృందంలో మొదట తొమ్మిది మందిమి. నెలనెలా తలా ఇంత వేసుకుని, పోగైన డబ్బు దగ్గర్లోని ఏదో ఒక సేవా సంస్థకు ఇద్దామనుకున్నాం. డబ్బు వేయడానికి ఎవరూ వెనకాడలేదు. మూడో నెలకే చెప్పుకోదగ్గ మొత్తం పోగైంది. ఎవరికివ్వాలన్నది మాత్రం తేలలేదు. ఒకరు పిల్లల చదువన్నారు, ఒకరు వృద్ధుల ఆలనాపాలనా అన్నారు, ఇంకొకరు మరికాస్త పోగయ్యాక చూద్దామన్నారు. అలా ఏడు నెలలు గడిచాయి. మేం మొదటినుంచీ మనసులో పెట్టుకున్న ఒక చిన్న సాయంకాలపు చదువుల కేంద్రం ఈలోగా గది అద్దె కట్టలేక మూతపడింది. మా ఖాతాలో ఉన్న డబ్బుతో ఆ అద్దె నాలుగు నెలలు కట్టొచ్చు. ఆ సంగతి తెలిసిన రోజు మాలో ఎవరికీ నోట మాట రాలేదు.

అప్పటినుంచి మా బృందం మొత్తం ఒక నియమం మీద నడుస్తోంది: ఇచ్చే తేదీ ముందు, పోగుచేయడం తర్వాత. సేవ కోసం తీసిన డబ్బు మన చేతిలో ఎంత తక్కువ కాలం ఉంటే అంత మంచిది. కింద చెప్పబోయే ప్రతి అడుగూ ఆ దృష్టితో రాసిందే. మీరు కొత్తగా మొదలుపెడుతున్నా, ఇప్పటికే నడుస్తున్న బృందాన్ని సరిదిద్దుకుంటున్నా పనికొస్తుంది.

కలపడం వల్ల ఒరిగేదేమిటి

ఒక్కరే ఇచ్చే చిన్న మొత్తానికి విలువ లేదని కాదు. కానీ పది మంది విడివిడిగా పది సంస్థలకు పంపితే పది రసీదులు రాయాలి, పది పేర్లు నమోదు చేయాలి, పది సార్లు ధన్యవాదాలు చెప్పాలి. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చిన్న సంస్థకు అది పెద్ద పనే. అదే పది మందీ కలిసి ఒకే సంస్థకు ఒకేసారి ఇస్తే రెండు నెలల అద్దెకో, ఒక ఉద్యోగి జీతానికో సరిపోతుంది. చిన్న సంస్థల ప్రాణం ఇలాంటి ఖర్చుల మీదే ఆధారపడి ఉంటుంది.

చిన్న చిన్న చందాలతో పెద్ద పనులు జరిగిన దాఖలాలు చరిత్రలో చాలానే ఉన్నాయి. న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమకు పీఠం కట్టడానికి డబ్బు చాలనప్పుడు, 1885లో పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో పిలుపునిచ్చాడు. కొన్ని నెలల్లోనే లక్ష మందికి పైగా కలిసి లక్ష డాలర్లకు పైగా ఇచ్చారు. అందులో ఎక్కువ మంది ఇచ్చింది డాలరు కన్నా తక్కువే. ఎంత తక్కువిచ్చినా పేరు అచ్చువేస్తానన్నాడు, వేశాడు. 1938లో అమెరికాలోనే పోలియో మీద పోరాటానికి తలా ఒక డైము, అంటే డాలరులో పదో వంతు, అధ్యక్షుడి నివాసానికి పంపమని రేడియోలో హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ కోరితే 26 లక్షలకు పైగా నాణేలు వచ్చిపడ్డాయి. ఆ చందాలు పోగుచేసిన సంస్థ డబ్బు సాయంతోనే శాస్త్రవేత్త జోనాస్ సాక్ పోలియో టీకా తయారైంది. అది పనిచేస్తుందని 1955లో ప్రకటించారు.

మనం చేయబోయేది అంత పెద్దది కాదు. గివింగ్ సర్కిల్ అని ప్రపంచమంతటా పిలిచే పద్ధతి ఇది. కొద్దిమంది పరిచయస్తులు తలా ఒక వాటా వేసుకుని, ఎవరికివ్వాలో కలిసి తేల్చుకుని, కలిసి ఇస్తారు. దీన్ని ఇక్కడ దాతల బృందం అందాం.

ఎంతమంది, ఎవరెవరు

ఎనిమిది నుంచి పదిహేను మంది చాలు. ఎనిమిదికి తగ్గితే ఇద్దరు రాని రోజు చర్చే నడవదు. పదిహేను దాటితే ఒక సాయంత్రంలో అందరూ మాట్లాడలేరు. పన్నెండు మంది తలా ఐదు నిమిషాలు మాట్లాడితేనే గంట అవుతుంది. మాట్లాడే వంతు రానివాళ్లు రెండో సమావేశానికి రావడం తగ్గిస్తారు, నాలుగో నెలకు వాటా వేయడం మానేస్తారు.

ఒకే ఆఫీసువాళ్లనో, ఒకే కుటుంబంవాళ్లనో కాకుండా కాస్త కలగలుపుగా పిలవండి. ఒక నర్సు, ఒక టీచరు, ఒక డ్రైవరు, పదవీ విరమణ చేసినవాళ్లు ఒకరు, ఇంటిపట్టున ఉండేవాళ్లు ఒకరు. ఒక్కొక్కరికి ఊళ్లో ఒక్కో మూల తెలుసు. ఏ సంస్థ నిజంగా పనిచేస్తోందో, ఏది బోర్డుకే పరిమితమో ఇలాంటి వాళ్ల నోటినుంచే తెలుస్తుంది. ఆ సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

మొదటి సమావేశంలో డబ్బు మాట ఎత్తకండి. ఒక్క ప్రశ్న వేయండి: మన చుట్టుపక్కల ఏ పని ఆగిపోతే మీకు బాధనిపిస్తుంది? ప్రతి ఒక్కరూ చెప్పేది రాసుకోండి. ముందుముందు సంస్థల్ని వెతకడానికి ఆ కాగితమే దారి చూపిస్తుంది. లేచిపోయేముందు ఒక తేదీ ఖాయం చేయండి, మొదటి విరాళం ఇచ్చే తేదీ. నాలుగు నెలలకు మించి దూరం పెట్టొద్దు.

వాటా ఎంత

ఈ అడుగులో చాలా బృందాలు తెలియకుండానే కొందరిని దూరం చేసుకుంటాయి. నలుగురిలో ఒకరు పెద్ద మొత్తం పైకి చెప్పేస్తారు, మిగతావాళ్లు మొహమాటానికి సరేనంటారు. రెండు నెలలు కడతారు, తర్వాత ఏదో ఒక సాకు చెప్పి తప్పుకుంటారు. కారణం ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు.

మేం చేసే పద్ధతి ఇది. అందరికీ ఒకే రకం చీటీలు పంచుతాం. ఖర్చులు మీదపడ్డ నెలలో కూడా ఆలోచించకుండా ఇవ్వగలిగిన మొత్తాన్ని పేరు రాయకుండా చీటీ మీద రాయమంటాం. మడిచి ఒక గిన్నెలో వేస్తాం. విప్పి చూసినప్పుడు 500, 1000, 300, 500, 200 ఇలా వస్తాయనుకోండి. అన్నిటికన్నా తక్కువ అంకె, అంటే 200, వాటా అవుతుంది. ఆ అంకె ఎవరిదో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ చూడకూడదు. ఎక్కువ ఇవ్వగలిగినవాళ్లు కోశాధికారికి విడిగా ఇవ్వొచ్చు. కానీ ఎంత ఇచ్చినా ఓటు ఒక్కటే. ఈ మాట మొదటిరోజే అందరి ముందూ చెప్పేయాలి. ఎక్కువిచ్చినవాళ్ల మాటే చెల్లుతుందన్న అనుమానం ఒక్కసారి వచ్చిందంటే బృందం పేరుకే మిగులుతుంది.

నెలనెలా కట్టాలా, మూడు నెలలకోసారా అన్నది మీ ఇష్టం. నెలవారీ జీతగాళ్లకు నెల వాటానే తేలిక. బ్యాంకులో ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టుకుంటే ఎవరినీ అడగాల్సిన పనుండదు. ఆదాయం ఒక్కో నెల ఒక్కోలా ఉండేవాళ్లకు మూడు నెలలకోసారి నయం.

డబ్బు ఎవరి చేతిలో ఉండాలి

మూడు దారులున్నాయి. నా ఓటు మొదటిదానికే.

మొదటి దారిలో డబ్బు బృందం చేతికే రాదు. అందరూ కలిసి సంస్థను ఎంచుకుంటారు, ఆ రోజే ఎవరి వాటా వాళ్లు నేరుగా ఆ సంస్థ ఖాతాకు పంపుతారు. 2006లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం జాక్సన్‌లో కారెన్ డనిగన్ అనే ఆవిడ ఇలాగే చేసింది. అప్పుడే పుట్టిన బిడ్డల్ని పడుకోబెట్టడానికి మంచాలు కొనాల్సిన అవసరం ఆమె దృష్టికి వచ్చింది. తెలిసిన మహిళల్ని ఒకచోటికి పిలిచి తలా వంద డాలర్ల చెక్కు రాయమని అడిగింది. ఒక గంటలో 12,800 డాలర్లు సమకూరాయి. ఆ నమూనా తర్వాత ఎన్నో ఊళ్లకు పాకింది. దీనిలో సుఖమేమిటంటే ఖాతా తెరవక్కర్లేదు, కోశాధికారి మీద భారం లేదు, రసీదు ఎవరి పేరు మీద వాళ్లకే వస్తుంది. మీ దేశంలో విరాళాలకు పన్ను మినహాయింపు ఉంటే ఆ రసీదు పనికొస్తుంది. ఇబ్బంది ఒక్కటే. సమావేశానికి రాని ఇద్దరు ముగ్గురు పంపడం మరిచిపోతారు. అందుకని ఒకరు జాబితా పట్టుకుని, వారంలోగా అందరూ పంపారో లేదో చూడాలి.

రెండో దారి ఉమ్మడి ఖాతా. నెలనెలా కొంచెం కొంచెం కట్టేవాళ్లకు ఇదే వీలు. ఒకరి సొంత ఖాతాలో మాత్రం ఎప్పుడూ పోగుచేయొద్దు. ఆ మనిషి ఎంత నమ్మకస్తులైనా సరే. నమ్మకం సంగతి పక్కన పెట్టినా చిక్కులు చాలా ఉంటాయి. ఆ డబ్బు వాళ్ల ఆదాయంగా కనబడొచ్చు, వాళ్లకు జరగరానిది జరిగితే వారసుల చేతికి పోవచ్చు, ఇంటి ఖర్చుల్లో కలిసిపోతే లెక్క విడదీయడం కష్టం. ఇద్దరి సంతకం లేనిదే డబ్బు కదలని ఖాతా తెరవండి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. నమోదు కాని బృందం పేరు మీద ఖాతా ఇస్తారా, దానికి ఏ కాగితాలు కావాలి అన్నది దేశాన్నిబట్టి మారుతుంది కాబట్టి ముందే బ్యాంకులో కనుక్కోండి. ఇంకో జాగ్రత్త. బృందంలోనివాళ్లు తమలో తాము వేసుకోవడం వేరు, బయటి జనాన్ని చందా అడగడం వేరు. రెండోదానికి చాలాచోట్ల అనుమతి కావాలి. వాటాలు బృందం దాటి వెళ్లనంతకాలం తలనొప్పి తక్కువ.

మూడో దారి ఇప్పటికే నమోదై ఉన్న ఒక సంస్థ నీడలో నడవడం. కమ్యూనిటీ ఫౌండేషన్ అనే సంస్థలు ఇందుకే పుట్టాయి. ఒక ప్రాంతంలోని చాలామంది దాతల డబ్బును ఒకచోట ఉంచి, అక్కడి అవసరాలకే ఖర్చుపెట్టే మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్‌ను 1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు స్థాపించాడు. మీ దగ్గర అలాంటిది ఉంటే లెక్కలు, రసీదులు, చట్టపరమైన పనులు వాళ్లే చూసుకుంటారు. కొంత రుసుము తీసుకుంటారు. పెద్ద మొత్తాలకు బాగుంటుంది, చిన్న వాటాల బృందానికి ఆ రుసుము బరువు కావచ్చు.

లెక్కల పుస్తకం గురించి ఒక మాట. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. తేదీ, ఎవరు, ఎంత, నిల్వ అన్న నాలుగు గళ్లు చాలు. పన్నెండు మంది ఆరు నెలలు కడితే 72 వాటాలు రావాలి. ఒకరు రెండు నెలలు కట్టలేకపోతే 70. పుస్తకంలో 70 ఉండి బ్యాంకు కాగితంలో 69 కనిపిస్తే ఆ ఒక్కటీ ఎక్కడుందో ఆ నెలలోనే తేల్చాలి. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ ఫొటో తీసి అందరికీ పంపండి. ఎవరూ అడక్కముందే పంపడం ముఖ్యం. అడిగాక చూపిస్తే అడిగినవాళ్లకూ చూపించినవాళ్లకూ మనసు చివుక్కుమంటుంది.

ఒక్క పేజీ ఒప్పందం

స్నేహితుల మధ్య కాగితం ఎందుకనిపిస్తుంది. స్నేహం నిలబడాలనే కాగితం. ఒక్క పేజీ దాటకూడదు. మా దగ్గరున్నది దాదాపు ఇలా ఉంటుంది:

"మేం పన్నెండు మందిమి. వాటా నెలకు ఇంత. ఏడాదికి మూడుసార్లు, ఫలానా నెలల మొదటి ఆదివారం, ఒక సంస్థను ఎంచుకుంటాం. ఎంచుకున్న పది రోజుల్లో డబ్బు పంపుతాం. అప్పటికి ఏకాభిప్రాయం కుదరకపోయినా ఆ రోజు ఓటు జరుగుతుంది, వాయిదా ఉండదు. ఎనిమిది మంది ఉంటేనే ఓటు చెల్లుతుంది. రాలేనివాళ్లు ముందురోజే ఓటు రాసి పంపొచ్చు. ఏ సంస్థలోనైనా మనకుగానీ మనింట్లోవాళ్లకుగానీ ఉద్యోగమో పదవో ఉంటే ముందే చెప్తాం, ఆ సంస్థ గురించి తెలిసింది చెప్పి ఓటు వేళ బయటికి వెళ్తాం. వెళ్లిపోవాలనుకున్నవాళ్లు కారణం చెప్పక్కర్లేదు. కట్టిన వాటాలు తిరిగి ఇవ్వం. బృందం ఆగిపోతే మిగిలిన డబ్బు చివరిసారి ఇచ్చిన సంస్థకే వెళ్తుంది."

కింద అందరి సంతకాలు. "వాయిదా ఉండదు" అన్న రెండు మాటలే ఈ కాగితానికి ఆయువుపట్టు. మిగతావి మీకు నచ్చినట్టు మార్చుకోండి, ఆ మాట మాత్రం తీయకండి.

సంస్థను వెతకడం, తెలుసుకోవడం

ఒక్కో సభ్యుడు ఒక్కో పేరు తేవడం మంచి మొదలు. పన్నెండు పేర్లు వస్తాయి, వాటిలో మూడు నాలుగింటిని లోతుగా చూస్తే చాలు. పేరున్న పెద్ద సంస్థల్ని పక్కన పెట్టండి. వాళ్లకు మీ డబ్బు అక్కర్లేదని కాదు, మీ మొత్తం అక్కడ సముద్రంలో కలిసిపోతుంది. మీ విరాళం ఆ సంస్థ ఏడాది ఖర్చులో నూటికి ఒకటి రెండు వంతులైనా అవుతుంటే దాని తేడా కళ్లకు కనిపిస్తుంది.

కాగితాలు ముందు చూడండి. సంస్థ నమోదైందా, నమోదు ఇప్పటికీ చెల్లుతోందా? బ్యాంకు ఖాతా సంస్థ పేరు మీదే ఉందా? గత రెండు మూడేళ్ల జమాఖర్చులు చూపిస్తారా? నిర్ణయాలు తీసుకునే కమిటీలో ఒకే కుటుంబం వాళ్లే ఉన్నారా? పిల్లలతోనో, వికలాంగులతోనో, ఒంటరి వృద్ధులతోనో పనిచేసే సంస్థైతే వాళ్ల భద్రతకు రాసుకున్న నియమాలేమిటి, ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి? ఈ చివరి ప్రశ్నకు తడుముకునే చోట మేం ముందుకు వెళ్లం. నగదే కావాలని పట్టుబట్టేవాళ్లు, రసీదు తర్వాతిస్తామనేవాళ్లు, రేపటిలోగా ఇవ్వకపోతే లాభంలేదని తొందరపెట్టేవాళ్లు ఎదురైతే మర్యాదగా సెలవు తీసుకోండి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పాలనా ఖర్చు తక్కువున్న సంస్థే మంచిదనుకుంటారు. లెక్కలు రాసేవాళ్లకు జీతం ఇవ్వకపోతే లెక్కలు ఎవరు రాస్తారు? కరెంటు బిల్లు కట్టకపోతే గదిలో దీపం ఎలా వెలుగుతుంది? పాలనా ఖర్చు అసలే లేదని చెప్పే సంస్థలో ఆ ఖర్చును ఎవరో ఒకరు సొంత జేబులోంచి పెట్టుకుంటూ అలసిపోతుంటారు, లేదంటే ఆ పని అసలు జరగడంలేదు. ఎంత శాతం అన్నదానికన్నా, దేనికి ఖర్చుపెట్టారో అడిగితే తడబడకుండా చెప్పగలుగుతున్నారా అన్నది చూడండి.

తర్వాత వెళ్లి చూడండి. ఇద్దరే వెళ్లండి, ముందుగా చెప్పి వెళ్లండి, గంటకు మించి కూర్చోకండి. గుంపుగా వెళ్తే అక్కడివాళ్లు పని మానుకుని మర్యాదలు చేయాల్సి వస్తుంది.

మేం ఒకసారి మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి సాయం చేసే ఒక చిన్న సంస్థకు వెళ్లాం. ఒకే గది. గోడకు ఒక క్యాలెండరు, ప్రతి తేదీ గడిలోనూ పెన్సిల్‌తో ఇళ్ల గుర్తులు. నడిపే ఆవిడ మాకు ఫొటోల ఆల్బమ్ చూపించలేదు. సొరుగులోంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తీసింది. ఎడమవైపు పేజీలో ఆ వారం వెళ్లిన ఇళ్లు, కుడివైపు పేజీలో వెళ్లలేకపోయిన ఇళ్లు. వెళ్లలేకపోయిన ప్రతి ఇంటి పక్కనా కారణం రాసి ఉంది: మనిషి లేరు, బండి పాడైంది, మళ్లీ బండి పాడైంది. మేం వీల్‌చైర్లు కొనిద్దామనుకుని వెళ్లాం. అదే చెప్పాం. ఆవిడ కాసేపు ఆలోచించి, వీల్‌చైర్లు ఇచ్చేవాళ్లు దొరుకుతారు, బండి రిపేరుకు ఇచ్చేవాళ్లే దొరకరు అంది. ఆ కుడివైపు పేజీ చూశాక మాకు ఇంకే ప్రశ్నా మిగల్లేదు.

అందుకే ప్రతి సంస్థనూ ఇదే అడుగుతాం: మీరు చేయలేకపోతున్నదేమిటి, ఎందుకు? చేస్తున్న పనుల గురించి అందరూ బాగానే చెప్తారు. చేయలేనిదాని గురించి సూటిగా చెప్పేవాళ్లకు తమ పని నిజంగా తెలుసు.

దరఖాస్తుల పేరుతో వాళ్లను వేధించకండి. మీరివ్వబోయే మొత్తం చిన్నదైతే మీరడిగే కాగితాలూ చిన్నవే ఉండాలి. ఇరవై పేజీల ప్రతిపాదన రాయమంటే అది రాయడానికి పట్టిన రోజులు సేవ నుంచి తీసినవే. ఫోన్‌లో అరగంట మాట్లాడి మీరే ఒక పేజీ రాసుకోండి. రాసింది సరిగ్గా ఉందో లేదో వాళ్లకు చదివి వినిపించండి.

ఎంచుకునే రోజు

మూడు సంస్థలకు మించి పోటీలో పెట్టొద్దు. ఒక్కోదాని గురించి వెళ్లి చూసివచ్చినవాళ్లు ఐదు నిమిషాలు చెప్తారు, పది నిమిషాలు ప్రశ్నలు. ఆ తర్వాత మాటలు ఆపి, ఎవరికివాళ్లు కాగితం మీద ఓటు రాయాలి. చేతులెత్తే పద్ధతి వద్దు, పక్కవాళ్ల చెయ్యి చూసి మన చెయ్యి లేస్తుంది.

ఓటు లెక్కించే తీరులో కూడా కిటుకుంది. పన్నెండు మంది బృందం, మూడు సంస్థలు అనుకోండి: చదువుల కేంద్రం, వృద్ధుల సంరక్షణ, రక్తదాన శిబిరాలు. ఐదుగురికి చదువు మొదటిది, రక్తదానం రెండోది, వృద్ధులు మూడోది. నలుగురికి వృద్ధులు మొదటిది, రక్తదానం రెండోది, చదువు మూడోది. ముగ్గురికి రక్తదానం మొదటిది, వృద్ధులు రెండోది, చదువు మూడోది. తలా ఒక్క ఓటే అంటే చదువుల కేంద్రం ఐదు ఓట్లతో గెలుస్తుంది. కానీ చూడండి, పన్నెండులో ఏడుగురు దాన్ని ఆఖరున పెట్టారు.

ఈ చిక్కును ఫ్రెంచి గణితవేత్త జాన్ షార్ల్ ద బోర్డా 1770లోనే గమనించి ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి ఒక్కరూ మూడింటినీ వరసలో రాయాలి. మొదటిదానికి 2 పాయింట్లు, రెండోదానికి 1, మూడోదానికి సున్నా. పై లెక్కలో చదువుకు 10, వృద్ధులకు 11, రక్తదానానికి 15 వస్తాయి. మొదటి ఓట్లలో అందరికన్నా వెనకబడిన సంస్థ ఇక్కడ గెలిచింది, ఎందుకంటే దాన్ని ఎవరూ ఆఖరున పెట్టలేదు. బృందం పదికాలాలు కలిసి ఉండాలంటే ఈ పద్ధతి మేలు. పై లెక్కలో ఓడినవాళ్లకు కూడా గెలిచింది తమ రెండో ఇష్టమే.

డబ్బును మూడు ముక్కలు చేసి అందరికీ తలా కొంచెం ఇద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మంచి మనసుతోనే అంటారు. ఒప్పుకోకండి. కలపడంవల్ల వచ్చిన బలాన్ని మళ్లీ విడగొట్టినట్టవుతుంది. గెలవని రెండు సంస్థల్ని తర్వాతి విడత జాబితాలో పెట్టుకోండి.

ఇవ్వడం

షరతులు పెట్టకుండా ఇవ్వండి. 2009లో బోస్టన్‌లో మొదలైన ఆసమ్ ఫౌండేషన్ ఈ విషయంలో మంచి ఉదాహరణ. పదిమంది నెలకు తలా వంద డాలర్లు వేసుకుని, నచ్చిన ఒక ఆలోచనకు వెయ్యి డాలర్లు ఇస్తారు. తిరిగి చెల్లించమనరు, యాజమాన్యంలో వాటా అడగరు. మన బృందం ఇచ్చేది సంస్థకైనా అదే తీరు పనికొస్తుంది. ఫలానా వస్తువే కొనాలని కట్టడి చేస్తే, రేపు పైకప్పు కారితే ఆ డబ్బు ముట్టుకోలేక వాళ్లు ఇబ్బంది పడతారు. మీరు వెళ్లి చూశారు, లెక్కలు చదివారు, నమ్మారు. ఆ నమ్మకాన్ని డబ్బుతోపాటే ఇవ్వండి. వస్తువుల రూపంలో ఇవ్వాలనుకుంటే ముందు అడగండి. అడక్కుండా తెచ్చిన వస్తువులు చాలా సంస్థల్లో మూలగదిలో దుమ్ము పట్టి ఉంటాయి.

డబ్బుతో నాలుగు వాక్యాల ఉత్తరం పంపండి: మేం ఎవరం, ఎంత ఇస్తున్నాం, మీ ఇష్టప్రకారం వాడుకోవచ్చు, ఆరు నెలల తర్వాత ఒకసారి ఫోన్ చేస్తాం. అంతే. చెక్కు పట్టుకుని నిలబడి ఫొటోలు దిగే కార్యక్రమం వద్దు. సాయం అందుకునేవాళ్ల ముఖాలు ఎవరికీ పంపొద్దు. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లున్నాయని చెప్పి, ఇచ్చేవాళ్లెవరో పుచ్చుకునేవాళ్లెవరో ఒకరికొకరు తెలియకుండా ఇచ్చేదాన్ని చాలా పై మెట్టు మీద పెట్టాడు. కష్టంలో ఉన్న మనిషి చెయ్యి చాపిన క్షణం జీవితాంతం ఫొటోగా మిగలకూడదు.

ఎంపిక కాని సంస్థలకు అదే వారం మీరే ఫోన్ చేయండి. ఎదురుచూపులో ఉంచడం కన్నా ఈసారి కుదరలేదని చెప్పడం ఎంతో నయం. వాళ్లకు పనికొచ్చే ఇంకో దాత ఎవరైనా మీకు తెలిస్తే ఆ పరిచయం చేయండి.

ఆరు నెలల తర్వాత

నివేదిక అడగకండి, మాట్లాడండి. ఏం జరిగింది, ఏది అనుకున్నట్టు జరగలేదు, ఇప్పుడు దేనికి ఇబ్బందిగా ఉంది? అరగంట చాలు. ఆ మాటల్ని ఒక పేజీలో రాసి తర్వాతి సమావేశంలో చదవండి. అనుకున్నట్టు జరగలేదని నిజాయితీగా చెప్పిన సంస్థను శిక్షించకండి. రెండోసారి కూడా వాళ్లకే ఇవ్వడానికి అదొక మంచి కారణం. ఒకే సంస్థకు వరసగా రెండు మూడేళ్లు ఇవ్వడం తప్పేమీ కాదు. వచ్చే ఏడాది కూడా కొంత వస్తుందని తెలిస్తే వాళ్లు ధైర్యంగా ఒక మనిషిని పనిలో పెట్టుకోగలరు.

తేడాలొచ్చినప్పుడు

వాటా తప్పినవాళ్లను అందరున్న వాట్సాప్ గ్రూపులో అడగొద్దు. కోశాధికారి ఒక్కరే, విడిగా, ఒకసారి అడగాలి. మూడు నెలలు కట్టలేకపోయినా ఓటు తీసేయకండి. వాళ్లింట్లో ఏం జరుగుతోందో మనకు తెలియదు. ఏడాదిగా కట్టనివాళ్లతో కూర్చుని, ఉంటారా సెలవు తీసుకుంటారా అని మెల్లగా అడిగితే సరిపోతుంది.

కోశాధికారిని, సమావేశం నడిపేవాళ్లను ఏటా మార్చండి. బాగా చేస్తున్నారు కదా అని ఒకరి మీదే వదిలేస్తే వాళ్లు అలిసిపోతారు, మిగతావాళ్లకు పని రాదు. కొత్త కోశాధికారికి అప్పగించే రోజు పాత పుస్తకాన్ని ఇద్దరూ కలిసి మొదటి పేజీ నుంచి ఒకసారి కూడాలి.

ఎక్కువమంది చేరతామంటే సంతోషం. పదిహేను దాటగానే రెండు బృందాలుగా విడిపోండి. పాతవాళ్లు సగం ఇటు, సగం అటు. కాగితం ఒకటే, ఓట్లు వేరు, పుస్తకాలు వేరు. ఏడాదికోసారి రెండు బృందాలూ కలిసి తాము చూసిన సంస్థల గురించి చెప్పుకుంటే ఒకరి కష్టం ఇంకొకరికి పనికొస్తుంది.

ఎప్పుడో ఒకప్పుడు బృందం ఆగిపోవచ్చు. మనుషులు ఊళ్లు మారతారు, బాధ్యతలు మారతాయి. అప్పుడు మిగిలిన డబ్బును ఒప్పందంలో రాసుకున్నట్టే వారంలోగా పంపేయండి, ఖాతా మూసేయండి, రసీదు ఫొటో అందరికీ పంపండి. లెక్కల పుస్తకం ఆఖరి పేజీలో తేదీ వేసి, నిల్వ గడిలో సున్నా రాసి, కింద ఖాతా నడిపిన ఇద్దరూ సంతకం చేయండి.